సోలాపురపు మగ్గముపై జకార్డు

మహారాష్ట్రమందలి సోలాపురము నేతకు పేరుగన్న నగరము. దాని తూర్పు భాగమున తెలంగాణమునుండి వలసవచ్చిన పద్మశాలి కుటుంబములు తరతరములుగ నివసించుచున్నవి. ఇంట తెలుగు, అంగడిలో మరాఠీ, బ్రతుకునకు మగ్గము. భౌగోళిక గుర్తింపు పొందిన సోలాపురపు చద్దరుపై కనిపించు పూవులకును నెమలిపింఛములకును మూలము జకార్డు.

జకార్డు స్వయముగ మగ్గము కాదు. మగ్గముపై చేర్చెడి సాధనము. సాధారణ మగ్గమున పడుగుపోగులు జట్లుగ లేచును. డాబీని చేర్చినను చిన్న బొమ్మలే వేయనగును. లియాన్ నగరమున జోసెఫ్ మరీ జకార్డు 1804లో రూపొందించిన యంత్రము పోగులను వేర్వేరుగ లేపుటకు వీలు కల్పించెను.

దాని పని ఇట్టిది. మొదట చిత్రమును గడుల కాగితముపై వ్రాయుదురు. నిలువు వరుస పడుగునకు, అడ్డు వరుస పేకకు గుర్తు. ఒక్కొక్క అడ్డు వరుసకు ఒక్కొక్క అట్ట. పోగు లేవవలసినచోట అట్టకు రంధ్రము వేయుదురు. రంధ్రమున్నచో సూది అందు దూరును. దాని కొక్కెము నిలిచి పోగును లేపును. రంధ్రము లేనిచో అట్ట సూదిని నెట్టును. కొక్కెము తప్పుకొనును, పోగు క్రిందనే యుండును. పిమ్మట నాడె సాగును.

అమర్చుటలో మూడు జాగ్రత్తలు ముఖ్యములు. యంత్రము మగ్గముపై వంపు లేక నిలువవలెను. కొక్కెములనుండి దిగు త్రాళ్లు రంధ్రముల పలకద్వారా వరుస తప్పక రావలెను. అట్టలను క్రమముగ కుట్టి గొలుసు చేయవలెను. అంతట రంధ్రములున్న అట్టతో పరీక్షించినచో పడుగంతయు సమముగ లేవవలెను. లేవని పోగున్నచో దాని త్రాటిని సరిచూడవలెను. ఒక్క అట్ట తారుమారైనను చిత్రము చెడును.

ఈ అట్టలే గణనయంత్రములకును దారి చూపెను. 1830ల దశకమున చార్లెస్ బాబేజి తన యంత్రమునకు వీనిని వాడదలచెను. 1890 అమెరికా జనాభా లెక్కలలో హోలరిత్ రంధ్రపు అట్టలను వినియోగించెను. నేడు కంప్యూటరున ప్రోగ్రాము వ్రాయువారు తమ ఎడిటరునకు పదములను జాతినిబట్టి రంగులలో చూపు ప్లగిన్ చేర్చుకొందురు. అదియు జకార్డువలె పైచేర్పే. నియమముల పట్టికనుబట్టి నడచును. వేరొక భాష పట్టికను పెట్టినచో, వేరొక చిత్రపు అట్టలు ఎక్కించినట్లు, రంగులు తప్పును. భేద మొక్కటే: జకార్డు చిత్రము వస్త్రమున నిలుచును, ప్లగిన్ రంగు కంటికే గాని వ్రాతలో చేరదు.

ఎలక్ట్రానిక్ జకార్డులలో అట్టల స్థానమును కంప్యూటరు ఫైలు ఆక్రమించినది. గడుల కాగితమును చదువగల విద్య మాత్రము అక్కడను అవసరమే. చిత్రమును ఒక్కొక్క పేకగ విడదీసి ఆలోచించు ఆ నేర్పు పెద్దల చేతులలో నున్నది. అట్టలతోపాటు అదియు అటకెక్కకమునుపే పిల్లలకు దానిని తెలుగున బోధించుట మేలు. అట్లు నేర్చినవారికి కంప్యూటరు పరాయి విద్య కాదు. తాతల మగ్గమునకు దగ్గరి చుట్టమే.