చెట్టుకు కాపలా, చేనుకు తడి

వాతావరణ ముప్పును తట్టుకోలేని రాష్ట్రాల్లో ఝార్ఖండ్‌ది మొదటి స్థానం. ఉక్కు నగరం చుట్టూ ఉన్న అడవి పల్లెల్లో ఆ ముప్పును ఎదుర్కొనే పని నిధుల కంటే ముందే మొదలైంది

గోల్‌మురి వాళ్లకు వాన గురించి బెంగ పెట్టుకోవాల్సిన అవసరం పెద్దగా రాలేదు. 1920లో ఏర్పడిన టిన్‌ప్లేట్ కంపెనీ నీడలో పెరిగిన పేట ఇది. నెల జీతం, కంపెనీ క్వార్టర్, కుళాయి నీళ్లు: శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తరాల కిందట రైలెక్కిన తెలుగు కుటుంబాలు జంషెడ్‌పూర్‌లో పాతుకుపోయింది వీటి కోసమే. 2024 జనవరిలో ఆ కంపెనీ టాటా స్టీల్‌లో కలిసిపోయింది.

సర్కారు కాగితాల్లో గోల్‌మురికి మరో అర్థం ఉంది. గోల్‌మురి-కమ్-జుగ్‌సలాయి అనేది తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలోని ఒక బ్లాకు. నగరాన్ని ఆనుకుని ఉన్న పల్లెలు దాని కిందికి వస్తాయి. సంతాల్, హో, భూమిజ్ ఆదివాసీల ఊళ్లవి. అక్కడి నుంచి చాకులియా దాకా వెళ్లినా కథ పెద్దగా మారదు. వానాకాలంలో ఒక్క వరి పంట, ఆ తర్వాత కూలి లేదా వలస.

2021లో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ విడుదల చేసిన అంచనా ప్రకారం వాతావరణ మార్పుల తాకిడికి దేశంలో అన్నిటికంటే ఎక్కువగా గురయ్యే రాష్ట్రం ఝార్ఖండ్. నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక లెక్కల్లో 2015-16లో రాష్ట్ర జనాభాలో 42 శాతం మంది పేదలు. 2019-21 నాటికి అది దాదాపు 29 శాతానికి తగ్గింది. తగ్గుదల చిన్నదేమీ కాదు. అయినా బీహార్ తర్వాతి స్థానం ఝార్ఖండ్‌దే. ఈ రెండు జాబితాల్లోనూ ఒకే రాష్ట్రం పైన ఉండటం కాకతాళీయం కాదు. వాన ఒక్కసారి మొహం చాటేస్తే ఆ ఏడాది తిండికి మరో ఆధారం లేని వారే రెండు లెక్కల్లోనూ ఉన్నారు.

విచిత్రమేమిటంటే ఇక్కడ వాన తక్కువేమీ కాదు. అనంతపురంతో పోలిస్తే రెట్టింపు పైనే. కాకపోతే ఏటవాలు నేలల మీద, పలచటి మట్టి మీద పడిన నీరు నిలవదు. ఖర్కాయిలోకి, సువర్ణరేఖలోకి జారిపోతుంది. 2022లో రాష్ట్రంలోని 22 జిల్లాల్లో 226 బ్లాకులను కరవు ప్రాంతాలుగా ప్రకటించారు. మరుసటి ఏడాది మళ్లీ 158 బ్లాకులు. 2025 జూన్ చివరలో పరిస్థితి తిరగబడింది. తూర్పు సింగ్‌భూమ్‌లో వరద ముంచెత్తిన ఒక ఆశ్రమ పాఠశాల నుంచి 162 మంది పిల్లలను బయటికి తేవాల్సి వచ్చింది.

జారిపోయే నీటిని పట్టి ఉంచేది అడవి. చాకులియా బ్లాకులోని ముతుర్‌ఖామ్‌కు 1998లో కోడలిగా వచ్చిన జమునా టుడు కళ్లబడింది ఆ అడవి తరిగిపోవడమే. ఒడిశాలోని మయూర్‌భంజ్‌లో చెట్ల మధ్య పెరిగిన మనిషి ఆమె. ఇక్కడ గుగ్గిలం మానులను దొంగలు రాత్రికి రాత్రే నరికి తరలించేవారు. నలుగురైదుగురు ఆడవాళ్లతో కాపలా మొదలైంది. కొన్నేళ్లకు అది వన సురక్షా సమితి అయింది. చేతుల్లో కర్రలు, విల్లంబులు, వెంట కుక్కలు, రోజుకు మూడు విడతల గస్తీ. ఊరి చుట్టూ సుమారు 50 హెక్టార్ల అడవి వాళ్ల కాపలాలోకి వచ్చింది.

కలప దొంగలు ఊరుకోలేదు. చాకులియా రైల్వే స్టేషన్ దగ్గర జమున దంపతుల మీద రాళ్ల దాడి జరిగింది. భర్త తలకు గాయమైంది. అయినా పక్క ఊళ్లలో ఒక్కొక్కటిగా సమితులు పుట్టాయి. వాటి సంఖ్య 300 దాకా, సభ్యులు పది వేల దాకా చేరారని చెబుతారు. రాఖీ పండుగకు చెట్లకు రాఖీ కడతారు. ఆడపిల్ల పుడితే 18 మొక్కలు, పెళ్లయితే 10 మొక్కలు నాటాలన్నది ఊరి కట్టుబాటు. అటవీ శాఖ ఊరిని దత్తత తీసుకున్నాక రోడ్డు, బడి వచ్చాయి. 2019లో పద్మశ్రీ వచ్చింది.

పురస్కారాల వార్తల్లో కనిపించని సంగతి ఇంటి ఖర్చు. గుగ్గిలం చెట్టును మొదలంటా నరికినా, మోడును కాపాడితే మళ్లీ చిగురిస్తుంది. కొత్తగా నాటే ఖర్చే లేదు. చెట్టు నిలిస్తే విస్తర్లకు ఆకు, నూనెకు గింజ, పక్కనే ఇప్పపువ్వు, బీడీ ఆకు. వరి పోయిన ఏడాది సంతకు తీసుకెళ్లడానికి ఏదో ఒకటి మిగులుతుంది. కట్టెల కోసం మాత్రం రాలిన కొమ్మలతోనే సరిపెట్టుకోవాలి. ఈ నియమం భారం పడేది కూడా ఆడవాళ్ల మీదే.

పక్కనున్న సరాయ్‌కెలా-ఖర్సావాన్ జిల్లాలో చామీ ముర్ము 1988 నుంచే ఈ దారిలో ఉన్నారు. ఆమెకు 2024లో పద్మశ్రీ ఇస్తూ ప్రభుత్వం చెప్పిన లెక్క: 3 వేల మంది మహిళలతో కలిసి 30 లక్షలకు పైగా మొక్కలు. ఆమె పని మొక్కలతో ఆగలేదు. స్వయం సహాయక బృందాలు, వాన నీటి నిల్వ కూడా అందులో భాగమే. పొరుగున ఉన్న పురూలియాలో ప్రదాన్ సంస్థ రైతులతో చేయించిన పని ఇంకా తేలికైనది. ప్రతి మడిలో ఐదు శాతం నేలను గుంటగా తవ్వడం. వానకు వానకు మధ్య రెండు వారాల ఎడం వస్తే ఆ గుంటే పైరును బతికిస్తుంది. 2020లో ఝార్ఖండ్ ప్రభుత్వం నీలాంబర్-పీతాంబర్ జల సమృద్ధి పథకం పేరుతో మెట్ట నేలల్లో కందకాలు, గట్లు తవ్వించింది. లాక్‌డౌన్‌తో ఊళ్లకు తిరిగొచ్చిన వలస కూలీలకు అప్పట్లో దొరికిన పని అదే.

వాతావరణ నిధుల్లో స్థానికుల మాట చెల్లాలంటూ 2021లో అంతర్జాతీయ సంస్థలు ఎనిమిది సూత్రాలు ప్రకటించాయి. అంతకుముందు లండన్‌లోని ఒక పరిశోధన సంస్థ లెక్క వేస్తే, అంతర్జాతీయ వాతావరణ నిధుల నుంచి స్థానిక స్థాయి పనులకు కేటాయించింది పది శాతం లోపే. ముతుర్‌ఖామ్ మహిళలు గస్తీ మొదలుపెట్టేనాటికి ఈ సూత్రాలూ లేవు, ఆ నిధులూ లేవు.

అలాగని డబ్బు వస్తే చాలనుకోవడం అమాయకత్వం. ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి వన సంరక్షణ సమితులు వెలిశాయి. 2002లో ప్రపంచ బ్యాంకు రుణంతో వాటికి ఊపొచ్చింది. నిధులు ఆగాక చాలాచోట్ల సమితులు బోర్డులకే పరిమితమయ్యాయి. అడవి మీద అధికారం శాఖ చేతుల్లోనే ఉండిపోవడం అందుకు ఒక కారణం. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఈ చిక్కును విప్పింది. అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కును గ్రామసభకు ఇచ్చింది. ఝార్ఖండ్‌లో ఆ పట్టాల పంపిణీ మాత్రం నత్తనడకే. 2023 నవంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ‘అబువా బీర్ దిశోం’ పేరిట ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టాల్సి వచ్చింది. గ్రామసభ ఆమోదించిన దరఖాస్తు సబ్-డివిజన్ కమిటీకి, అక్కడి నుంచి జిల్లా కమిటీకి వెళ్లాలి. పట్టా మీద జిల్లా కలెక్టర్‌తో పాటు అటవీ అధికారి సంతకం కూడా ఉండాలి.