పదేళ్ల మొహానికి ఇన్ని క్రీములా?

శ్రీకాకుళంలో ఆరో తరగతి చదువుతున్న మా అప్ప కూతుర్ని పుట్టినరోజుకి ఏం కావాలని అడిగితే వాట్సాప్‌లో ఒక లిస్టు పంపింది. విటమిన్ సి సీరమ్, నయాసినమైడ్, టోనర్, రెటినాల్ నైట్ క్రీమ్, షీట్ మాస్కులు. ఒక్కోదానికీ లింకు కూడా పెట్టింది. దానికింకా పదకొండు నిండలేదు. రెటినాల్ ఎందుకని మా అమ్మ అడిగితే ముడతలు పోడానికని చెప్పింది. "ఓలమ్మ, నీకు ముడతలెక్కడున్నాయే గుంటా? అదేదో నాకు కొనండి" అంది మా అమ్మ.

అందరం నవ్వాం గానీ, ఆ వారం దాని బుగ్గలు చూశాక నవ్వు ఆగిపోయింది. స్నేహితురాలి ఇంట్లో 'పీలింగ్' అని ఏదో ఎర్రటి ద్రావణం రెండు రాత్రులు రాసుకుందట. బుగ్గలు ఎర్రగా కందిపోయాయి, నీళ్లు తగిలితే మంట. పదిరోజులు పట్టింది తగ్గడానికి.

నేను డాక్టర్ని కాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. అందుకే ముందు ఫోన్ తీసి చూశాను. పిల్ల చూసేది వాళ్లమ్మ ఫోన్లో, వాళ్లమ్మ అకౌంట్లో. అంటే ఆ యాప్ లెక్క ప్రకారం చూస్తున్నది ముప్ఫై ఆరేళ్ల ఆడమనిషి. ఒక మేకప్ వీడియో చివరిదాకా చూస్తే అలాంటివే ఇంకో పది వస్తాయి. మధ్యలో ముడతల క్రీముల ప్రకటనలు. చూస్తున్నది ఎవరో యాప్‌కి తెలియదు, ఎంతసేపు చూశారన్నదే దానికి కావాలి.

ఇది మన ఊరి గొడవే కాదు. 2025లో 'పీడియాట్రిక్స్' అనే వైద్య పత్రికలో అమెరికా పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. పదమూడేళ్ల పిల్లల్లాగా టిక్‌టాక్‌లో అకౌంట్లు తెరిచి, 7 నుంచి 18 ఏళ్ల ఆడపిల్లలు పెట్టిన వంద చర్మ సంరక్షణ వీడియోలు చూశారు. ఒక్కొక్కరు సగటున ఆరు రకాలు రాసుకుంటున్నారు. వాటి ఖర్చు సగటున నెలకి 168 డాలర్లు. ఇంత చేసీ పగటిపూట రాసుకునేవాటిలో సన్‌స్క్రీన్ ఉన్నవి నాలుగో వంతే! స్వీడన్‌లో అపోటెక్ యార్తాత్ అనే మందుల షాపుల సంస్థ 2024లో, ముడతలు తగ్గించే ఘాటైన క్రీముల్ని పదిహేనేళ్ల లోపు పిల్లలకి మామూలుగా అమ్మబోమని ప్రకటించింది. టిక్‌టాక్ మన దేశంలో 2020 నుంచి లేదు గానీ, ఆ వీడియోల్లాంటివే రీల్స్‌లో, షార్ట్స్‌లో వస్తూనే ఉన్నాయి.

అసలు ఆ వయసు చర్మం సంగతేంటి? పదేళ్ల పిల్లలకి చర్మకణాలు వాటంతటవే వేగంగా మారుతుంటాయి. రెటినాల్ చేసే పని ఆ మార్పుని ఇంకా తొందరపెట్టడం. పెద్దవాళ్లకి వయసుతో ఆ వేగం తగ్గుతుంది కాబట్టి వాళ్లకి కొంత ఉపయోగం. పిల్లలకి ఆల్రెడీ ఉన్నదాన్ని గోకినట్టే. గ్లైకాలిక్ యాసిడ్ లాంటివి పైపొరని ఊడగొడతాయి. ఊడిన చోట ఎండ తగిలితే ఇంకా కందుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే ఎండలు ఎలా ఉంటాయో మీకు చెప్పాలా?

మరి ఏం కావాలి? చాలా తక్కువే కావాలి. రోజూ స్నానం, ఎండాకాలం రెండుపూటలా. చర్మానికి కొంచెం ఆమ్ల గుణం ఉంటుంది, పీహెచ్ 5 దగ్గర. మామూలు స్నానం సబ్బు 9, 10 దాకా ఉంటుంది. అందుకని మొహం మీద సబ్బు పెట్టి రుద్దీ రుద్దీ కడగక్కర్లేదు. పొద్దున్న ఒట్టి నీళ్లు చాలు. సాయంత్రం ఆడుకుని వచ్చాక ఏదైనా మైల్డ్ ఫేస్‌వాష్‌తో ఒకసారి. సబ్బు చంకలకి, మెడకి, పాదాలకి వాడండి. తీరం పక్కన ఊళ్లం కాబట్టి ఏడాదిలో ఎక్కువ నెలలు ఉక్కే, మొహానికి క్రీము అవసరం పడదు. సంక్రాంతి నెలలో మాత్రం కాళ్లు తెల్లగా పొట్టు రేగుతాయి, పెదాలు పగులుతాయి. స్నానం అయిన వెంటనే ఒళ్లు కాస్త తడిగా ఉండగానే కొబ్బరినూనె గానీ, వాసన లేని మాయిశ్చరైజర్ గానీ రాస్తే సరిపోతుంది.

ఇంక సన్‌స్క్రీన్. సూర్యనారాయణస్వామి వెలసిన అరసవల్లి మాకు కూతవేటు దూరం. చర్మరోగాలు పోవాలని మొక్కుకుని వచ్చేవాళ్లు అక్కడికి ఎప్పట్నుంచో ఉన్నారు. "సూర్యుడికి దండం పెట్టుకునే ఊళ్లో ఎండకి మందేటమ్మా?" అని మా నాన్న వెటకారం. పొద్దున్న ఏడింటి ఎండ వేరు, మిట్టమధ్యాహ్నం ఎండ వేరు నాన్నా అంటాను. పది నుంచి నాలుగు దాకా ఉండే ఎండతోనే జాగ్రత్త. మొదట గొడుగు, టోపీ, పొడుగు చేతుల చొక్కా. ఖర్చు లేనివి ఇవే కదా. కళింగపట్నం బీచ్‌కో, పూసపాటిరేగ దగ్గర చింతపల్లి బీచ్‌కో తీసుకెళ్లేటప్పుడు, స్కూల్లో ఆటల పోటీలు ఉన్నప్పుడు ఎస్‌పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీన్ రాయండి. జింక్ ఆక్సైడ్ ఉన్నది పిల్లలకి మంట పుట్టించడం తక్కువ. మొహానికి, మెడకి కలిపి రెండు వేళ్ల పొడవునా క్రీము పట్టాలి. బొట్టు పెట్టినట్టు పెడితే పనిచేయదు. చెమట పడితే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. లిస్టులో ఉన్న ఐదింటి బదులు మా పిల్లకి నేను కొన్నది ఇదొక్కటే. వారం రోజులు నాతో మాట్లాడలేదు, అది వేరే సంగతి.

నుదుటి మీద చిన్న చిన్న పొక్కులు వస్తున్నాయని చాలామంది తల్లులు కంగారుపడతారు. చాలాసార్లు కారణం రెండు జడలకి దట్టంగా పట్టించే నూనె. ఎండకి కారి నుదుటి మీద పేరుకుంటుంది. తలంటుకి ముందు రాత్రి నూనె పెట్టి, స్కూలుకి వెళ్లే రోజు తక్కువ రాస్తే చాలా వరకు తగ్గుతాయి. భోగినాడు పెట్టే నలుగు మంచిదే, చర్మం మండేలా రుద్దనంత వరకు. నిమ్మకాయ మాత్రం వద్దు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే కాలి బొబ్బలొచ్చి, నల్ల మచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి.

నన్నడిగితే మన జిల్లాల్లో సీరమ్‌ల కంటే పెద్ద భయం మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరికే ట్యూబు. "పిల్ల తెల్లబడుద్ది" అని పక్కింటివాళ్లు చెప్పే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి వారం మెరుపు వస్తుంది. తర్వాత చర్మం పల్చబడి ఎర్ర నరాలు కనిపిస్తాయి, మొటిమలు, మొహం మీద వెంట్రుకలు వస్తాయి. ఆపేస్తే మంట. తామర మీద రాస్తే ఇంకా ఘోరం. దురద తగ్గుతుంది, చక్రం మసకబడుతుంది, ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది. ఒకే తువ్వాలు నలుగురు వాడే ఇంట్లో ఒకరితో ఆగదు కూడా. స్టెరాయిడ్ పూత మందులు డాక్టర్ చీటీ మీదే అమ్మాలని కేంద్ర ప్రభుత్వం 2018లో నిబంధన బిగించింది. అమలు సంగతి మీ వీధి చివర షాపులో అడిగి చూడండి!

కేరళలో మలప్పురం జిల్లాలో ఇంకో రకం చూశారు. 2021 నుంచి 2023 మధ్య అక్కడి ఒక ఆసుపత్రికి అరుదైన ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవాళ్లే. ఆ క్రీముల్లో పాదరసం బయటపడింది.

ఈ తెల్లదనం పిచ్చి ఫోన్లో పుట్టింది కాదు. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుంది గానీ మన ఇళ్లల్లో మాట మారలేదు. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి విజయనగరంలో చుట్టాలందరం కలిసినప్పుడు మా పిల్లకి వినిపించిన మొదటి పలకరింపు "ఏటే, ఇలా నల్లబడిపోయావు?" అన్నదే. అన్నది ప్రేమగానే. ఆ రాత్రి అది అద్దం ముందు చాలాసేపు నిలబడిందని మా అప్ప చెప్పింది. లిస్టు వచ్చింది ఆ తర్వాత నెలలోనే. ఇప్పుడు మా ఇంట్లో పిల్లల రంగు గురించి ఎవరైనా ఎత్తితే మా అమ్మే అడ్డం పడుతోంది, "దాని మార్కులు అడగండి, పాట పాడమనండి, రంగెందుకు మీకు?" అని.

తొమ్మిది, పదేళ్లకే ఒకటి రెండు మొటిమలు రావడం మామూలే, యవ్వనం మొదలవుతోందని గుర్తు. ఏడేళ్ల లోపు వస్తే మాత్రం డాక్టరుకి చూపించాలి. గుండ్రంగా పాకే మచ్చలు, రాత్రి నిద్ర పట్టనివ్వని దురద, ఇంట్లో అందరికీ అంటుకుంటున్న పొక్కులు, తెల్ల మచ్చలు ఉన్నా అంతే. శ్రీకాకుళం రిమ్స్‌లో, నెల్లిమర్ల మిమ్స్‌లో చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి. వెళ్లేటప్పుడు పిల్లకి ఇప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, ఒక సంచిలో వేసుకుని పట్టుకెళ్లండి.