గురుపీఠం విడిచిన గురువు: విజ్ఞాన సర్వస్వంలో చోటెక్కడ?

2003 అక్టోబరు 15వ తేదీన, వజ్రాల సానకూ, జరీ నేతకూ పేరుపడ్డ సూరత్ నగరంలో, నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం తమ జన్మదినాన వివిధ మతాల పెద్దలతో సమావేశమైనారు. మత సామరస్యాన్ని కోరే ‘సూరత్ ఆధ్యాత్మిక ప్రకటన’ ఆనాడే వెలువడింది. ఆ సభ జైన తేరాపంథ్ పదవ ఆచార్యుడు మహాప్రజ్ఞ సన్నిధిలో జరిగింది. ఆయన పీఠమెక్కిన తీరు ఆ సంప్రదాయంలో అపూర్వం. గురువు జీవించి ఉండగానే పదవిని శిష్యుని కప్పగించారు.

1760లో ఆచార్య భిక్షు స్థాపించిన తేరాపంథ్‌లో సంఘమంతటికీ ఆచార్యుడొక్కడే. ఆ అధికారం మరణంతోనే ముగిసేది. తొమ్మిదవ ఆచార్యుడు తులసి 1936లో, 22వ ఏట పీఠమెక్కి, 1949లో అణువ్రత ఉద్యమాన్ని ఆరంభించారు. 1994 ఫిబ్రవరిలో, రాజస్థాన్‌లోని సుజాన్‌గఢ్‌లో ఆ పదవిని స్వచ్ఛందంగా త్యజించారు. 1997లో దేహం చాలించారు.

ఈ త్యాగానికి విజ్ఞాన సర్వస్వంలో ప్రత్యేక వ్యాసం ఉండాలా? తులసి జీవితచరిత్రలో ఒక పేరా చాలదా?

2013లో పోప్ పదవిని విడిచిన 16వ బెనెడిక్ట్ విషయంలో ఈ సందేహానికి తావు తక్కువ. అంతకు ముందు 1415లో 12వ గ్రెగరీ రాజీనామా చేసిన తర్వాత, దాదాపు ఆరు శతాబ్దాల పాటు ఏ పోపూ పదవి విడువలేదు. తులసి త్యాగానికి అంతటి ప్రపంచ ఖ్యాతి లేదు. పైగా అది ఆనవాయితీ కూడా కాలేదు. 2010లో మహాప్రజ్ఞ మరణానంతరమే మహాశ్రమణ్ ఆచార్యులైనారు.

కాని ఖ్యాతి ఒక్కటే కొలబద్ద కారాదు. తెలుగులో విజ్ఞాన సర్వస్వానికి పూనుకొన్న కొమర్రాజు లక్ష్మణరావు 1923లో మరణించేనాటికి అది పూర్తికాలేదు. అంతటి శ్రమతో నిండే పుటల్లో ప్రతి సంఘటనకూ వేరు వ్యాసం కేటాయించడం దుబారాయే. సంఘటన ఒక్క జీవితంలో ఇమిడితే ఆ జీవితచరిత్రే దానికి తగిన చోటు.

తులసి త్యాగం అలా ఇమడదు. అది గురువు కథకు ముగింపు, శిష్యుని కథకు ఆరంభం, పీఠ ధర్మానికి మినహాయింపు. మూడు వ్యాసాల్లో ముక్కలుగా మిగిలితే, సూరత్ సభ గురించి చదివి మహాప్రజ్ఞ ఎలా ఆచార్యుడైనారని వెదికే పాఠకునికి పూర్తి సమాధానం ఎక్కడా దొరకదు. అందుకే దానికొక ప్రత్యేక వ్యాసం తగును. అది చిన్నదైనా చాలు.

అధికారం చేపట్టిన తేదీలతో చరిత్ర గ్రంథాలు నిండి ఉన్నాయి. దానిని చేజేతులా విడిచిన తేదీకీ ఒక పుట దక్కడం న్యాయం.