పరుగెత్తాలా? ఆగాలా?

సాఫ్ట్‌బాల్ ఆట చూశారా? మన బడుల్లో ఆడపిల్లలు కూడా ఈ ఆట ఆడుతున్నారు. సాఫ్ట్ అంటే మెత్తన. కానీ ఈ బంతి మెత్తన కాదు. తగిలితే బొప్పి కడుతుంది! ఈ ఆట 1887లో అమెరికాలోని చికాగో నగరంలో పుట్టింది. 1996లో ఆడవాళ్ల సాఫ్ట్‌బాల్‌ను ఒలింపిక్స్‌లో చేర్చారు.

జట్టుకు 9 మంది. బంతిని చెయ్యి కిందినుంచి విసురుతారు. బ్యాటుతో కొట్టి పరుగెత్తాలి. క్రికెట్‌లో ఇటూ అటూ పరుగెత్తుతారు కదా. ఇక్కడ నాలుగు మూలలు చుట్టి రావాలి. మూలను బేస్ అంటారు. ఒక మూల నుంచి ఇంకో మూలకు 60 అడుగులు. నాలుగూ చుట్టి వస్తే ఒక పరుగు. ముగ్గురు ఔటయితే ఆ జట్టు వంతు అయిపోతుంది.

ఇప్పుడు ఒక పిల్ల మూడో మూల మీద నిలబడి ఉందనుకోండి. తోటి పిల్ల బంతిని పైకి కొట్టింది. ఈ పిల్ల ఏం చెయ్యాలి? బంతిని ఎవరైనా పట్టుకుంటే, అది చేతిలో పడేదాకా ఈమె మూల మీదే ఉండాలి. ఆ తరవాతే పరుగెత్తాలి. ముందే పరుగెత్తితే వెనక్కి రావాలి. ఆలోపల బంతి ఆ మూలకు చేరితే ఈమె కూడా ఔటే. బంతి నేల మీద పడిందా, వెంటనే పరుగెత్తాలి. అప్పటికే ఇద్దరు ఔటై ఉంటే ఆలోచనే వద్దు. కొట్టగానే పరుగెత్తాలి. ఇదంతా రెండు మూడు క్షణాల్లో తేల్చుకోవాలి. పెద్దవాళ్లకే తల తిరుగుతుంది.

అందుకే మేం గట్టు మీదనుంచి అరుస్తాం. మొదటి ఏడాది నేనూ అరిచాను. ఒక పోటీలో ఏడో తరగతి పిల్ల మూడో మూల మీద ఉంది. బంతి పైకి లేచింది. నేను "ఆగు!" అన్నాను. వాళ్లమ్మ "ఉరుకు!" అంది. పిల్ల మా ఇద్దరి వైపు తిరిగి చూసింది. ఈలోగా బంతి నేల మీద పడింది. పిల్ల ఆలస్యంగా ఉరికింది. ఔటయింది. పైగా నేను దాన్నే తిట్టాను. రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్ల చూడాల్సింది బంతిని. చూసింది మమ్మల్ని. అలా అలవాటు చేసింది నేనే.

కబడ్డీలో కూతకు వెళ్లిన పిల్లకు ఎవరు చెబుతారు? ఎప్పుడు తాకాలో, ఎప్పుడు తిరిగి రావాలో తనే చూసుకుంటుంది. ఇక్కడా అంతే కావాలి అనుకున్నాను.

మర్నాటి నుంచి పద్ధతి మార్చాను. నేల మీద ముగ్గుపిండితో నాలుగు మూలలు గీశాను. చింతగింజలు పెట్టాను. "ఈ గింజ నువ్వే. ఒకరు ఔటయ్యారు. బంతి ఇటు వచ్చింది. ఏం చేస్తావ్? ఎందుకు?" అని అడిగాను. జవాబు తప్పయినా వెంటనే సరిచెయ్యలేదు. పక్క పిల్లను అడిగాను. వాళ్లలో వాళ్లు వాదించుకున్నారు. ఆట మొదలయ్యాక నేను నోరు మూసుకున్నాను. అది అన్నిటికన్నా కష్టం! తప్పు చేస్తే ఆట అయ్యాకే అడిగేదాన్ని, "అప్పుడు నీకేం కనిపించింది?" అని. మొదట్లో రెండు పోటీలు ఓడిపోయాం. "ఈ టీచరమ్మ ఏమీ చెప్పదు" అన్నారు కొందరు. అననివ్వండి.

అన్నీ పిల్లలకే వదిలెయ్యమని కాదు. రెండో మూల నుంచి మూడో మూలకు ఉరికే పిల్లకు ఒక్కోసారి బంతి వీపు వెనక ఉంటుంది. కనిపించదు. అప్పుడు నేర్పేవాళ్లు చేత్తో సైగ చెయ్యాలి. అందుకని మూడో మూల దగ్గర నిలబడే చోటు కూడా ఉంది. తలకు హెల్మెట్ పెట్టుకోవడం కూడా పిల్లల ఇష్టం కాదు. పెట్టుకోవాల్సిందే.

ఈమధ్య ఆ పిల్లే మళ్లీ మూడో మూల మీద ఉంది. వాళ్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది, అరవకుండా. బంతి లేచింది. దూరాన ఒకమ్మాయి పట్టుకుంది. పిల్ల అప్పుడు ఉరికింది. అడుగు దూరంలో ఔటయింది.

బయటికి వచ్చాక తల్లి అడిగింది, "ఏమైందే?" అని.

"ఆ పిల్ల అంత దూరం విసురుతుందనుకోలేదమ్మా. ఈసారి బంతి దాని చేతికి పోతే ఆగుతా" అంది.

తల్లి మంచినీళ్ల సీసా అందించింది.