పగులును నొక్కిపట్టే గులాబీ గోళం

స్టీలు గ్లాసు జారిపడితే సొట్ట పోతుంది. పింగాణీ కప్పు జారిపడితే చీపురు తెచ్చుకోవాలి. ఈ జాతికి గట్టిదనం ఉంది కానీ ఓర్పు లేదు. వెంట్రుకవాసి బీట పడిందా, ఇక దాన్ని ఆపే నాథుడు లోపల ఉండడు.

అలాంటిదాన్ని మనిషి తుంటికీలులో పెట్టే సాహసం 1970లో ఫ్రెంచి సర్జన్ పియెర్ బుటాన్ చేశాడు. అల్యూమినా అనే పింగాణీతో చేసిన ఆ కీలు గోళం దాదాపు అరగదు, అదీ దాని గొప్ప. పగిలితేనే గొడవ.

మందు ఆస్ట్రేలియాలో దొరికింది. గార్వీ, హానింక్, పాస్కో అనే ముగ్గురు 1975లో ‘నేచర్’ పత్రికలో రాసిన వ్యాసానికి ‘పింగాణీ ఉక్కు?’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు, ప్రశ్నార్థకంతో సహా! వాళ్ల సరుకు జిర్కోనియా. దానికి ముడిఖనిజమైన జిర్కాన్ మన భీమిలి తీరపు ఇసుకలోనూ ఉంది. బట్టీలోంచి చల్లారేటప్పుడు జిర్కోనియా స్ఫటికాలు ఆకారం మార్చుకుని సుమారు 4 శాతం ఉబ్బుతాయి. ఆ ఉబ్బుకే వస్తువు పిగిలిపోతుంది. కాస్త మెగ్నీషియానో యిట్రియానో కలిపితే ఉబ్బడం వాయిదా పడుతుంది. తర్వాతెప్పుడో పగులు మొన దగ్గరికొస్తే, చుట్టూ ఉన్న రేణువులు అప్పుడు ఉబ్బి దాన్ని రెండువైపులా నొక్కిపడతాయి. దోషమే కాపలాదారైంది.

ఆ ఊపులో అల్యూమినా లేకుండా ఇలాంటి జిర్కోనియాతోనే గోళాలు చేశారు. 2001 నాటికి, ఒక తయారీదారు బట్టీ పద్ధతి మార్చిన తర్వాత చేసినవి రోగుల ఒంట్లోనే పగలడం మొదలైంది. ఒంటి తేమకు ఆ వాయిదా ముందే తీరిపోయింది.

అందుకే పెత్తనం మళ్లీ అల్యూమినాకే వచ్చింది. కొత్త మిశ్రమంలో నూటికి 80 పాళ్లు అది, 17 దాకా జిర్కోనియా, మిగిలింది చిల్లర దినుసులు. వాటిలో పలకల్లాంటి స్ఫటికాలు పగులును దారి మళ్లిస్తాయి. చిటికెడు క్రోమియం ఆక్సైడు గోళానికి గులాబీ రంగు తెస్తుంది. విరుపుకు తట్టుకునే బలం పాత అల్యూమినాకు దాదాపు రెట్టింపు.

పొడులను నీళ్లలో కలిపి, ఆరబెట్టి, అచ్చులో నొక్కితే సుద్దముక్కలాంటి పచ్చి దిమ్మ వస్తుంది. చెక్కాల్సిందంతా అప్పుడే చెక్కుకోవాలి. 1,400 డిగ్రీలు దాటిన బట్టీలో అది బాగా కుంచించుకుపోతుంది కనుక ముందే పెద్దదిగా చెయ్యాలి. మిగిలిన సన్నని బొక్కలను వేడి వాయువు ఒత్తిడితో మూస్తారు. ఆపైన దాన్ని అరగదీయాలంటే వజ్రమే గతి.

ఒక చిన్న ఫిర్యాదు మిగిలింది. గోళం, అది తిరిగే గిన్నె రెండూ పింగాణీవే అయితే కొందరికి నడుస్తుంటే తుంటి కిర్రుమంటుంది. మన తాతలు ఆ కిర్రు కోసం చెప్పులు ప్రత్యేకంగా కుట్టించుకునేవారు.