బంగళాకు వీపు పెట్టి చూస్తే...

సౌత్ కరోలైనాలో చార్లెస్టన్ చుట్టూ ఉన్న పాత ప్లాంటేషన్లకు వెళ్లేవారి చూపు ముందు బంగళా మీదే పడుతుంది. దాన్ని నిలబెట్టిన సంపద పండింది మాత్రం నది వైపున్న వరి మళ్లలో. అందుకే బంగళాకు వీపు పెట్టి చూడాలి.

ఆష్లీ, కూపర్, కాంబాహీ నదుల ఒడ్డున ఒకప్పుడు సైప్రస్ అడవులు, బురద నేలలు. 18వ శతాబ్దంలో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారూ వారి పిల్లలూ ఆ చెట్లు నరికి, మొద్దులు పెకలించి, పారలతోనే మైళ్ల కొద్దీ గట్లు వేశారు. సముద్రపు పోటు నదిని వెనక్కి తోసినప్పుడు మంచినీటి మట్టం పెరుగుతుంది. అప్పుడు తూము ఎత్తి మడికి నీరు పెట్టాలి, ఆటుకు వదిలేయాలి. ఉప్పునీరు చొరబడితే పంట పోయినట్టే. మన డెల్టాల్లో నీరు కట్టినవారికి ఆ నేర్పు విలువ చెప్పనక్కర్లేదు. ఆ బానిసల్లో కొందరు పశ్చిమాఫ్రికాలో తరతరాలుగా వరి పండించిన జాతులవారు. ఈ సాగులో ఆఫ్రికా విద్య పాలు ఎంతన్నదానిపై చరిత్రకారుల వాదన ఇంకా తెగలేదు. నడుంలోతు బురదలో, మలేరియా మధ్య ప్రాణాలు పోగొట్టుకున్నది ఎవరో అందరికీ తెలుసు.

ఒక్కో మనిషికి రోజు పని కొలిచి ఇచ్చేవారు, తరచుగా పావు ఎకరం. అది ముగిశాక మిగిలిన పొద్దులో గుడిసెల వెనక బెండ, అలసంద వేసుకునేవారు, కోళ్లు పెంచేవారు. రాత్రయితే పక్క ప్లాంటేషన్లో ఉన్న ఆలుబిడ్డల దగ్గరికి అడవి దారుల్లో నడిచేవారు. యజమానుల పటాల్లో ఆ దారులుండవు. అమెరికా అంతర్యుద్ధంలో, 1863 జూన్ 2న, తాను కూడా ఒకప్పుడు బానిసత్వం నుంచి తప్పించుకున్న హారియెట్ టబ్‌మన్ ఉత్తరాది యూనియన్ సైన్యంతో కాంబాహీ నదిలోకి వచ్చినప్పుడు, ఆ నీళ్లు తెలిసిన నల్లవారే దారి చూపారు. 700 మందికి పైగా బానిసలు సైన్యం పడవలెక్కి బయటపడ్డారు.

ఆష్లీ ఒడ్డునున్న డ్రేటన్ హాల్ ప్లాంటేషన్‌లో బానిసలనూ వారి సంతతినీ పాతిపెట్టిన శ్మశానం ఉంది. అక్కడే పుట్టి, ఆ చరిత్ర చెబుతూ బతికిన రిచ్‌మండ్ బోవెన్స్‌నూ 1998లో అక్కడే సమాధి చేశారు. ఆయన కోరిక ప్రకారం ఆ చోటును పార్కులా తీర్చిదిద్దలేదు. చెట్లు, రాలిన ఆకులు అలాగే వదిలేశారు. బంగళా ఎదుట అంత తీరుగా కోసిన గడ్డి ఉన్నచోట ఇది నిర్లక్ష్యం అనుకుంటే పొరపాటు. చనిపోయినవారిని ఇక ఎవరూ కదిలించకూడదన్నదే దాని అర్థం.

ఈ తీరంలో బానిసలుగా బతికినవారి సంతతే నేటి గల్లా గీచీలు. 2006లో అమెరికా కాంగ్రెస్ వారి తీరప్రాంతాన్ని వారసత్వ కారిడార్‌గా గుర్తించింది. అయినా హిల్టన్ హెడ్ దీవిలో ప్లాంటేషన్ అనే పేరే పెట్టుకుని రిసార్టులు, విల్లాలు లేచాయి. వాటి ప్రహరీల లోపల చిక్కుకున్న సమాధులను చూడాలంటే గల్లా కుటుంబాలు గేటు దగ్గర ఆగి అనుమతి అడగాల్సి వచ్చింది.