మీకు తెలుసా? బీరు రుచి నీళ్లలోనే ఉంది!

ఇంగ్లండ్‌లో ట్రెంట్ నది ఒడ్డున బర్టన్ అనే ఊరుంది. 19వ శతాబ్దంలో అక్కడి పేల్ ఏల్ బీరు ఓడలెక్కి మన దేశం దాకా వచ్చేది. దాని చురుకైన చేదు వెనక ఉన్నది ఆ ఊరి బావినీళ్లే. జిప్సం పొరల్లోంచి ఊరే ఆ నీళ్లలో కాల్షియం, సల్ఫేట్ దండిగా ఉంటాయి. సల్ఫేట్ వల్ల బీరులో వేసే హాప్ పువ్వుల చేదు నాలుకకు పదునుగా తగులుతుంది. ఆ బీరు గ్లాసులో పోయగానే అప్పుడే గీసిన అగ్గిపుల్ల వాసన లీలగా వస్తుంది!

చెక్ దేశంలోని ప్ల్జెన్ నీళ్లలో మాత్రం ఖనిజాలు చాలా తక్కువ. 1842లో అక్కడ పుట్టిన బంగారు రంగు పిల్స్‌నర్ అంత మృదువుగా ఉండటానికి అదీ ఒక కారణం.

ఇంట్లో బీరు కాచుకోవడానికి చట్టం ఒప్పుకునే దేశాల్లో ఇప్పుడు ఏ ఊరి నీళ్లనైనా తయారు చేసుకుంటున్నారు. 20 లీటర్ల ఆర్‌ఓ నీళ్లలో 4 గ్రాముల జిప్సం కరిగిస్తే లీటరుకు సుమారు 110 మిల్లీగ్రాముల సల్ఫేట్ చేరుతుంది. మన రైతులు వేరుశనగకు వేసేదీ జిప్సమే. అయితే పొలానికి తెచ్చిన బస్తాలోది మాత్రం తాగేవాటిలో ఎప్పుడూ కలపకండి. ఆహారానికి పనికొచ్చే రకం వేరే దొరుకుతుంది.